ఎర్త్ కాడ నీళ్లు

నా భార్య హెప్సిబా అణు కరెంటు వల్ల చనిపోలేదు. ఈ మాట మొదలే రాస్తున్నాను, ఎందుకంటే ఆరేండ్లు దీన్ని దాచింది నేనే.

2008లో వానలు వెనకపట్టిన రోజుల్లో మా ఊరికి సర్వే జీపులు వచ్చాయి. మాది లింగాల దాటి నల్లమల అంచున ఉండే ఊరు. ఊరి వెనక గుట్టల కింద యురేనియం ఉందేమో చూడాలన్నారు. చూడటానికి బోర్లు వేయాలన్నారు. సర్కారు నాకిచ్చిన రెండెకరాల చెలక ఆ గుట్ట మొదట్లోనే ఉంది. ఒకరోజు పొద్దున పోయేసరికి ఆముదం చేనులో ఎర్రరంగు పూసిన మూడు గూటాలు పాతి ఉన్నాయి. నన్ను అడగలేదు. మమ్మల్ని అడిగే అలవాటు ఎవరికీ లేదు.

ఆ ఏడు టీవీలో అమెరికాతో అణు ఒప్పందం గురించి రోజూ అరుచుకునేవారు. సర్పంచ్ కురుమూర్తి ఇంటి ముందు నిలబడితే వినపడేది. దేశానికి కరెంటు చాలదు, అణువు కావాలని ఒకడు. ఎండ, గాలి చాలని ఒకడు. ఇద్దరికీ ఏమీ తెలియదని ఇంకొకడు. కరెంటు పోతే ముగ్గురూ ఒకేసారి నోరు మూసుకునేవారు.

సర్వే జీపుల వెనకే నాగర్‌కర్నూల్ నుంచి స్వరూప అనే అమ్మాయి వచ్చింది. ఏదో సంస్థలో పనిచేస్తుంది. ముప్పై ఏండ్లుంటాయి. చేతిలో సోలార్ లాంతరు, సంచి నిండా కాగితాలు. మా వాడలో అన్ని ఇండ్లూ తిరిగి చివరకు నా అరుగు మీద కూర్చుంది.

"కాకా, నువ్వు సముద్రం కాడ అణు కరెంటు కేంద్రంల పనిచేసినవంట గద?"

"కట్టినం. పనిచేసుడు వేరే."

"చిన్నమ్మ గూడ నీతోనే ఉండెనంట."

"ఉండె."

"వచ్చినంక రెండేండ్లకే పోయిందంట."

నేను ఆమె సంచిలోని కాగితాల వైపు చూశాను.

"వచ్చే మంగళారం గ్రామసభ పెడుతున్నరు కాకా. ఆఫీసర్లొస్తరు. మేం వంద మాటలు చెప్పినా పుస్తకాల మాటలంటరు. ఈ చుట్టుపక్కల దాన్ని కండ్లతోని చూసినోనివి నువ్వొక్కనివే. నువ్వు లేచి చెప్పాలె."

"ఏం చెప్పాలె?"

"జరిగిందే చెప్పు. చిన్నమ్మ ఎట్ల పోయిందో చెప్పు."

ఆమె తప్పు లేదు. ఊరు చెప్పింది, ఆమె నమ్మింది. నేను ఒక్కటి అడిగాను.

"మేం ఉన్ననాడు ఆడ గోడలే లేస్తున్నయి. లోపల పెట్టే సరుకు ఇంకా రానేలేదు. అది వచ్చే యాళకు మమ్మల్ని కంచె అవుతలికి పంపిన్రు. గిది ఎవరన్న అడిగితే?"

ఆమె లాంతరు మీట నొక్కింది, తీసింది, మళ్లీ నొక్కింది.

"అంత లోతు ఎవ్వరడుగుతరు కాకా?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "పాన్‌గల్ పోయి మీ బామ్మర్దిని గూడ కలిసిన. బాలరాజు మస్తు కోపంల ఉండె. మీ బావకు తెల్వదు, ఆ కేంద్రపోళ్లు కూలోళ్లకు ఏదీ చెప్పరు, ఆయన గూడ మోసపోయిండు అని చెప్పిన. మెత్తబడ్డడు. వస్తనన్నడు. సోమారమే వచ్చి నీ ఇంట్లనే పండుకుంటనన్నడు."

నా ఇంట్లో పడుకుంటానన్నాడు. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను.

మాకు పుట్టిన ఇద్దరూ నిలవలేదు. నా వైపు వాళ్లు ఎవరూ మిగల్లేదు. భూమ్మీద నన్ను వరస పెట్టి పిలవాల్సిన మనిషి బాలరాజు ఒక్కడే. వాడు ఆరేండ్లుగా నా గడప తొక్కలేదు. అక్కను సముద్రం పనికి తీసుకుపోయి చంపానని పాన్‌గల్ చర్చిలో అందరి ముందు అన్నాడు. ఇప్పుడు సభలో లేచి ఒక అబద్ధం చెబితే వాడు నాకు దొరుకుతాడు. చెప్పకపోతే ఎవరూ ఉండరు.

బాలరాజును పెంచింది హెప్సిబా. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేండ్లు, ఆమెకు పన్నెండు. మా పెండ్లయ్యాక వాడు మాతోనే వలస కూలీల గ్యాంగు వెంట తిరిగాడు. గ్యాంగు మేస్త్రీ మనిషిని కాదు, జోడిని తీసుకుంటాడు. ఒక మగ, ఒక ఆడ. మగాడు తవ్వుతాడు, ఆడది మోస్తుంది. జోడి లేనివాడిని లారీ ఎక్కించరు. హెప్సిబా పోయిన తర్వాత మేస్త్రీ మా ఊరికి రెండుసార్లు వచ్చాడు. నా ఇంటి ముందు నుంచే పోయాడు. పలకరించలేదు. నేనైనా అంతే చేసేవాణ్ని.

మొదట గద్వాల దగ్గర కృష్ణ మీద కట్టే ఆనకట్టకు పోయాం. మునిగే ఊళ్ల జనం తలుపులూ దూలాలూ ఊడబీకి బండ్ల మీద వేసుకుని మా గుడిసెల ముందు నుంచి పోయేవాళ్లు. ఒక ముసలామె బండి దిగి పిడికెడు మన్ను తీసి మా మీద చల్లింది. మేం కట్టకపోతే ఇంకొకరు కడతారని ఆమెకు తెలుసు. అయినా చల్లింది. స్వరూప ఇచ్చిన కాగితంలో నీళ్ల కరెంటుకు పొగ లేదు, బూడిద లేదు అని రాసి ఉంది. ఆ మన్ను సంగతి దాంట్లో లేదు.

1998లో సముద్రం కాడికి పోయాం. అక్కడ ఒక గోడ మందం మా గుడిసె అంత ఉండేది. గోడకు ఇంత మందం ఎందుకని హెప్సిబా ఒక ఇంజనీరును అడిగింది. లోపలిది బయటికి రాకుండా అన్నాడు. ఎన్నేండ్లు ఆపుతుందని అడిగింది. ఆయన నవ్వి పని చూసుకొమ్మన్నాడు. రెండేండ్లు ఆమె నెత్తి మీద కాంక్రీటు మోసింది. రెండు చోట్లా గోడ మేమే పోశాం. రెండు చోట్ల కరెంటూ మా వాడకు రాలేదు.

మా వాడలో స్తంభాలున్నాయి. ఒక గాలివానకు న్యూట్రల్ తీగ తెగింది. తెగిన తీగను చుట్ట చుట్టుకుని పట్టుకుపోయారు, మళ్లీ వేయలేదు. మిగిలిన తీగకు మేం వెదురు కర్రతో కొక్కెం తగిలించి ఇంట్లోకి గుంజుకునేవాళ్లం. బల్బు వెలగాలంటే రెండో తీగ కావాలి. అది లేదు కాబట్టి ఇంటి వెనక ఇనుప చువ్వ పాతి, బల్బు రెండో కొసను ఆ చువ్వకు కట్టేవాళ్లం. దాన్ని ఎర్త్ అంటాం. నేల తడిగా ఉంటే బల్బు తెల్లగా వెలుగుతుంది. నేల ఎండితే బల్బు ఎర్రబడుతుంది. అందుకని పొద్దుగూకగానే వాడలో ఆడవాళ్లందరూ చువ్వ దగ్గర చెంబెడు నీళ్లు పోసేవాళ్లు. వాకిట్లో చల్లినంత మామూలుగా పోసేవాళ్లు.

2002 ఏప్రిల్. ఇంట్లో కూర్చుని చాయ తాగుతున్నాను. బల్బు ఎర్రగా ఉండి ఆరిపోయింది. "ఎర్త్ కాడ నీళ్లు పొయ్యి" అని అరిచాను. ఆమె అప్పుడే బట్టలు పిండి వచ్చింది. చేతులు తడి. చువ్వకు కట్టిన తీగ తుప్పు పట్టి వదులై, అప్పుడే ఊడిపోయి ఉంది. దాన్ని మళ్లీ కడతానని నేను నెల రోజులుగా అంటున్నాను. ఆమె నీళ్లు పోసి, ఊడిన కొసను చేత్తో పట్టుకుని చువ్వకు చుట్టబోయింది.

బల్బు వెలిగింది. సన్నగా, ఎర్రగా. "వచ్చింది, సాలు" అన్నాను. చాయ తాగడం పూర్తి చేశాను. గ్లాసు కడిగి పెట్టి ఇంటి వెనక్కి పోయాను.

ఆ తర్వాత చేసింది దానికంటే తప్పు. ముందు కొక్కెం లాగేశాను. అది సరే, లాగాలి. ఆమె ఊపిరి లేదని చూశాక, మనుషులను పిలవకుండా తీగ అంతా చుట్టి గడ్డివాములో దాచాను. కొక్కేల సంగతి బయటపడితే కేసు అవుతుందని. చువ్వ కూడా పీకబోయాను. గోడ అవతల నుంచి పక్కింటి యాదమ్మ చూసింది. "అన్నా, గది ఉండనియ్యి, ముందుగాల ఆమెను లోపలికి తే" అంది. పోలీసులొస్తారేమోనని ఆ రాత్రే వాడలో అన్ని కొక్కేలూ దిగిపోయాయి. వారం తర్వాత మళ్లీ ఎక్కాయి.

తెల్లారి బాలరాజు వచ్చి ఏమైందని అడిగాడు. "సముద్రం నుంచి వచ్చిన కాడికెల్లి ఆమెకు పానం బాగలేదు" అన్నాను. నిజమే. నడుము నొప్పి. అంతవరకే చెప్పాను. మిగిలింది వాడే కట్టుకున్నాడు. కట్టుకోనిచ్చాను.

సోమవారం పొద్దున పదకొండు గంటల బస్సుకు బాలరాజు దిగాడు. ముప్పై నాలుగేండ్లకే సగం జుట్టు తెల్లబడింది. గడప దగ్గర చెప్పులు విడిచి కాసేపు నిలబడ్డాడు. తర్వాత లోపలికి వచ్చాడు.

"బావా, ఇల్లేంది గిట్ల పెట్టుకున్నవ్? కోళ్లు గూడ ఉండవ్ గిండ్ల."

"నాకు సాలు."

"సన్నబడ్డవ్."

"నువ్వు ముసలోడివైనవ్."

నవ్వాడు. వాడి నవ్వు అక్క నవ్వే. నేను పొయ్యి వైపు తిరిగాను.

జొన్నరొట్టెలు వాడే చేశాడు. నేను చేసినవి చూసి, "ఇవి తింటే పండ్లు రాల్తయి బావా, అక్క నీకు ఇంత గూడ నేర్పలేదా" అన్నాడు. కారంపొడి, ఉల్లిగడ్డ పెట్టుకుని తిన్నాం. ఆరేండ్ల తర్వాత నా ఇంట్లో ఇద్దరు తిన్నారు. తింటూ వాడు చెప్పుకుపోయాడు. భార్య ఈరమ్మకు షుగర్. బోరు ఎండింది. పెద్ద బిడ్డ ఏడో తరగతి. అక్క పోయాక ఆ బిడ్డ పేరు మార్చి హెప్సిబా అని పెట్టానన్నాడు. నాకు తెలియదు. నాకు ఎవరూ చెప్పలేదు.

"నిన్ను శానా మాటలన్న బావా."

"అన్నవ్."

"నీకు గూడ తెల్వకపాయె గద ఆడ విషముంటదని. ఆ స్వరూపమ్మ చెప్పేదాంక నాకు గా సోయి లేదు. రేపు ఇద్దరం చెప్దాం. మొదలు నేను చెప్త, ఎన్కసిరి నువ్వు. ఈ క్రిస్మస్‌కు నువ్వు మా ఇంటికి రావాలె. బిడ్డ చూస్తనంటది."

"చూద్దాం" అన్నాను.

అప్పుడు చెప్పొచ్చు. మేం ఇద్దరమే ఉన్నాం. వాడి చేతిలో రొట్టె ఉంది. చెప్పలేదు. మధ్యాహ్నం వాడు నా మంచంలో పడి నిద్రపోయాడు. నేను గడప మీద కూర్చుని వాడి ఊపిరి విన్నాను. ఇంట్లో ఇంకో ఊపిరి ఉంటే ఇల్లు ఎట్లా ఉంటుందో మరిచిపోయాను.

మంగళవారం బడి ముందు షామియానా వేశారు. ఎమ్మార్వో, సర్వే ఆఫీసరు, కురుమూర్తి కుర్చీల్లో కూర్చున్నారు. జనం నేల మీద. సర్వే ఆఫీసరు మెత్తని మనిషి. కళ్లజోడు తుడుచుకుంటూ చెప్పాడు.

"గాలి ఎప్పుడు వీస్తుందో మన చేతిలో లేదు. ఎండ పగలే ఉంటుంది. వానలు లేకపోతే ఆనకట్టలో యంత్రం తిరగదు. అణు విద్యుత్తు అలా కాదు. ఇరవై నాలుగు గంటలూ, ఏడాది పొడుగునా వస్తుంది. రాత్రి పన్నెండింటికి సూర్యుడు ఉండడు కదా?"

వెనక నుంచి ఎల్లన్న లేచాడు. మేకలు కాస్తాడు, ఎవరికీ భయపడడు. "రాత్రి మీ కరెంటు గూడ ఉండదు గద సార్! పొద్దుగాల ఎండ అడగకున్నా వస్తది."

జనం నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వాడు. స్వరూప అందుకుంది.

"ఎండను తవ్వే పని లేదు సార్. అణువు బూడిదకు లెక్క వేల ఏండ్లు కావలి ఉండే పని లేదు. సోలార్ పలక పెట్టుకుంటే ఎవ్వలింటి మీద వాళ్లకే కరెంటు. ఎక్కడో పుట్టి ఎక్కడికో పోయే కరెంటు కోసం ఈ గుట్టలెందుకు తవ్వాలె?"

కురుమూర్తి కుర్చీలో ముందుకు జరిగాడు. "మంచి మాటనే బిడ్డా. నీ లాంతరు తోని నా ఐదు హెచ్‌పీ మోటరు తిరుగుతదా?"

"ఇయ్యాల కష్టమే. పదేండ్లకు పలకలు అగ్గువైతయి."

"పదేండ్ల దాంక నా వరి ఎండకుంట నిలబడతదా మరి?"

మళ్లీ నవ్వారు. ఈసారి ఎల్లన్న కూడా నవ్వాడు. స్వరూప ముఖం ఎర్రబడింది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదని నాకనిపించింది. ఎవరూ మా వాడ స్తంభం వైపు చూడటం లేదని కూడా అనిపించింది. అది బడి ముందు నుంచి కనిపిస్తూనే ఉంది.

స్వరూప సైగ చేసింది. బాలరాజు లేచాడు. చేతులు కట్టుకుని మొదలుపెట్టాడు.

"నాది పాన్‌గల్. మా అక్క హెప్సిబా ఈ ఊరి కోడలు. మా అమ్మ సచ్చిపోతే నన్ను సంకనేసుకొని గద్వాల ఆనకట్ట మీద రాళ్లు మోసింది. ఆమె మనసు..." కట్టుకున్న చేతులు విడిచాడు. "ఆమె మనిషి ఎంత గట్టిదంటే, సిమెంటు తట్ట నెత్తి మీద పెట్టుకొని నాకు పాటలు చెప్పేది. గసొంటి మనిషి ముప్పై ఆరేండ్లకు సచ్చిపోయింది. ఆ అణువు గాలి తిన్నది ఆమెను. రగతం ఎండబెట్టింది. మా బావ పక్కన పండుకొని గూడ తెలుసుకోలే. ఆయన తప్పు లేదు. ఆయనకు తెల్వదు. ఆయన్నే అడుగుండ్రి."

కండువాతో ముఖం తుడుచుకుని నా వైపు చూశాడు. ఆయన తప్పు లేదు అన్నాడు. ఆరేండ్లుగా ఆ మాట కోసమే బతికానేమో నాకు తెలియదు. వాడు నన్ను తిట్టినన్నాళ్లు మోశాను. మన్నించినప్పుడు మోయలేకపోయాను.

లేచాను.

"నేను ఇస్రాయేలు. ఈ ఊరే. మేం సముద్రం కాడ పనిచేసింది నిజం. అప్పటికి ఆడ అణువు లేదు. గోడలే ఉండె. నా పెండ్లాం దాంతోని సావలే."

స్వరూప నా వైపు తిరిగింది. నేను బాలరాజు వైపు చూడలేదు. చూస్తే ఆగిపోయేవాణ్ని.

"మా వాడకు ఒకటే తీగ ఉన్నది. న్యూట్రల్ లేదు. కొక్కెమేసుకొని ఎర్త్ చువ్వకు కట్టుకుంటం. చువ్వ కాడి తీగ వదులైంది. నేను కట్టలే. నెల రోజులు కట్టలే. ఎర్త్ కాడ నీళ్లు పొయ్యమని ఇంట్ల కూసొని అరిచిన. ఆమె తడి చేతులతోని ఊడిన తీగ పట్టింది. ఇంట్ల బల్బు వెలిగింది. కరెంటు ఆమె లోపల్నుంచి పోయి వెలిగింది. నేను చాయ తాగిన. తాగినంక పోయి చూసిన. తీగ దాచిపెట్టిన. బాలరాజుకు అబద్ధం చెప్పిన."

ఎవరో ఆడమనిషి "అయ్యో దేవా" అంది. ఎమ్మార్వో రాయడం ఆపింది. యాదమ్మ నెత్తి మీది కొంగు ముఖానికి లాక్కుంది.

కురుమూర్తికి మాత్రం వేరే సంగతి పట్టింది. "ఇన్నరా?" అన్నాడు జనంతో. "అణువుతోని ఎవ్వలు సావలే. వీడే చెప్పిండు. ఊకె బుగులు పెడుతున్నరు మనల్ని."

"నేను దాంతోని సావలేదన్న. అది మంచిదన్లే" అన్నాను.

"గదే గద రా!"

"గది గాదు. ఆ గోడ ఎన్నేండ్లు ఆగుతదని నా పెండ్లాం ఇంజనీరును అడిగింది. ఆయన చెప్పలే. ఈ సార్‌ను అడుగు, చెప్తడేమో. నీళ్ల కరెంటుకు ఊళ్లు మునిగినయి, చూసిన. ఎండ కరెంటు ఇంకా చూడలే, వచ్చినంక చూస్త. ఏది మంచిదో మీరు తేల్చుకోండ్రి. మా వాడకు రెండో తీగ లేదు. ఎనిమిదేండ్లాయె. ఏ కరెంటైనా ఆ స్తంభం కాడికి వచ్చి ఆడోళ్ల చేతులకెల్లి పోవాల్సిందే. గిది రాసుకోండ్రి."

ఎమ్మార్వో రాసుకుందో లేదో చూడలేదు. కూర్చున్నాను. నా పక్కన చోటు ఖాళీగా ఉంది. బాలరాజు లేడు.

సమాధుల దొడ్డి ఊరికి తూర్పున ఉంది. అక్కడే ఉంటాడని తెలుసు. హెప్సిబా పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. నేను ముళ్లకంచె బయటే నిలబడ్డాను. తల తిప్పకుండానే అడిగాడు.

"ఎంతసేపు వెలిగింది?"

"అర గ్లాసు చాయ తాగినంత."

"పిలిచిందా?"

"ఇనపళ్లే."

"ఇనపళ్లేదా, ఇనలేదా?"

"తెల్వదు."

వాడు లేచి మోకాళ్ల మన్ను దులుపుకున్నాడు. కంచె దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"ఆరేండ్లు నిన్ను తప్పు దానికి తిట్టిన" అన్నాడు.

"ఇప్పుడు అసలుదానికి తిట్టు."

"తిట్టను. తిడితే సుట్టమైతవ్."

బస్సు రావడానికి ఇంకా రెండు గంటలుంది. వాడు రోడ్డు పట్టి లింగాల వైపు నడవడం మొదలుపెట్టాడు. సంచి నా ఇంట్లో ఉండిపోయింది. ఎల్లన్న చేతికిచ్చి పరుగెత్తించాను. తీసుకున్నాడని ఎల్లన్న చెప్పాడు. ఇంకేమన్నా అన్నాడా అని నేను అడగలేదు.

స్వరూప పోయేముందు ఒకసారి వచ్చింది. "నాతోనన్న ముందుగాల చెప్పాల్సింది కాకా" అంది. "చెప్పిన. అంత లోతు ఎవ్వలడుగుతరన్నవ్" అన్నాను. ఆమె క్షమించమని అడగలేదు. అడిగినా నేను క్షమించేవాణ్ని కాదు. లాంతరు యాదమ్మకు ఇచ్చి పోయింది.

గురువారం కరెంటోళ్లు వచ్చారు. రెండో తీగ తెచ్చారనుకుని జనం బయటికి వచ్చారు. వాళ్లు తెచ్చింది నిచ్చెన, కత్తెర. వాడలో ఇరవై ఏడు కొక్కేలు కోసి జీపులో వేసుకుని పోయారు. మీటర్లకు దరఖాస్తు పెట్టుకోండి, తీగ సంగతి తర్వాత చూస్తాం అన్నారు. ఆ పూటకు వాడంతా చీకటి. నా ఇంటి గోడకు ఎవరో రాయి విసిరారు. యాదమ్మ మాత్రం ఎదురుగానే వచ్చి అడిగింది.

"ఆరేండ్లు నీ సంగతి కడుపుల పెట్టుకున్న అన్నా. ఒక్కనాడన్న నోరిప్పిన్నా? నువ్వేమో సభల లేచి అందరి ఇండ్లార్పితివి. నీ నిజం నీకు బువ్వ పెడ్తదా?"

"పెట్టదు" అన్నాను.

ఆమె తలుపేసుకుంది. అప్పటి నుంచి గోడ మీదుగా కూర ఇవ్వడం లేదు.

పది రోజులకు సర్వే ఆఫీసరు నా చెలకకు వచ్చాడు. చేతిలో ఒప్పుకోలు కాగితం. "సభలో నిజం చెప్పింది మీరొక్కరే. మీలాంటివాళ్లకైనా అర్థమవుతుందనుకుంటున్నాను" అన్నాడు. మూడు గూటాలకు మూడు సంతకాలు కావాలన్నాడు.

"పెట్టను."

"కారణం రాయాలండి. ఇక్కడ గడి ఉంది."

"మనిషి ఒప్పుకోలేదని రాయి."

"అది కారణం కాదు కదా."

"నన్నడగకుంట పాతినప్పుడు ఏ గడిల ఏం రాసినవ్?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కాగితం మడిచి పోయాడు. గుట్ట అవతల కురుమూర్తి తమ్ముడి పొలంలో బోర్లు వేశారు. డిసెంబరు దాకా ఆ మోత వినపడింది. ఏం దొరికిందో ఎవరికీ చెప్పలేదు.

నవంబరు మొదట్లో మాకు సమాధుల పండుగ. ఎవరి మనిషి సమాధికి వాళ్లు కలుపు తీసి, సున్నం వేసి, సాయంత్రం కొవ్వొత్తి పెడతారు. ఆరేండ్లు హెప్సిబాకు నేనొక్కణ్నే వేశాను. ఆ రోజు పాస్టరు రాకముందే పోవాలని పొద్దున్నే డబ్బాలో సున్నం కలుపుకుని బయలుదేరాను.

సమాధి అప్పటికే తెల్లగా ఉంది. సున్నం ఇంకా ఆరలేదు. కలుపు పీకి కుప్ప పెట్టారు. తలవైపు సున్నంలో ఒక చిన్న చేతి అచ్చు పడి ఉంది. ఏడో తరగతి చదివే ఆడపిల్ల చెయ్యి అంత ఉంటుంది. కంచె దాటి రోడ్డు మీదికి వచ్చి చూశాను. తొలి బస్సు తిరిగి వెళ్లిన దుమ్ము ఇంకా లేస్తోంది. మా ఇంటి ముందు నుంచే పోయి ఉంటారు.

ఆ సున్నం మీద నేను మళ్లీ సున్నం వేయలేదు. పక్కనే ఎవరూ లేని ఒక ముసలాయన సమాధి ఉంది. గ్యాంగులో మాతో పనిచేసినవాడే, పేరు బాలస్వామి. దానికి వేశాను. డబ్బా ఖాళీ అయ్యేదాకా వేశాను. కాలువలో చేతులు కడుక్కుని ఇంటికి వచ్చాను.